రోల్ 240, హాజరు 211

సర్కారు ప్రాథమిక బడిలో హెడ్‌మాస్టరు గది పక్కన గోడ మీద ఒక నల్లబల్ల ఉంటుంది. తరగతి, బాలురు, బాలికలు, మొత్తం, హాజరు అని గళ్లు. రోజూ సుద్దముక్కతో రాయడం, మర్నాడు తుడిచేయడం. తల్లిదండ్రులు దాని వంక చూడరు. తనిఖీకి వచ్చిన మండల విద్యాధికారి (ఎంఈఓ) మాత్రం కుర్చీలో కూర్చోకముందే దాన్ని చూస్తారు. పది నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గర ఎందుకు నిలబెట్టారు, పిల్ల పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఎందుకుండాలి, మిరపకోతలకు రెండు నెలలు వెంట తీసుకెళితే ఏం పోతుంది, నాలుగో తరగతిని, అయిదో తరగతిని ఒకే గదిలో ఎందుకు కూర్చోబెట్టారు... బడి దగ్గర జరిగే వాదనలు చాలా వరకు ఆ బల్ల మీది అంకెల్లోంచి పుట్టినవే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఇరవై ముప్పై మందితో నడిచే బడులు ఎన్నో ఉన్నాయి. అక్కడ అయ్యవారికి ప్రతి పిల్లవాడి ఇల్లూ తెలుసు, అంకెలతో పనిలేదు. రెండు వందలు దాటిన బడులు నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి పట్టణాల్లోనూ మండల కేంద్రాల్లోనూ కనబడతాయి. అక్కడ మనిషి గుర్తుపెట్టుకోలేని పనిని నియమం చేయాల్సి వస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి 240 మంది బడి ఒకటి ఉందనుకుందాం. ఒకటో తరగతిలో 52, రెండులో 49, మూడులో 50, నాలుగులో 46, అయిదులో 43. ఈ రోజు వచ్చినవాళ్లు 211.

మూడు అంకెలు, మూడు చోట్ల

బడికి నిజానికి ఒక్క సంఖ్య కాదు, మూడు ఉంటాయి. రిజిస్టరులో పేరున్నవాళ్లు, ఇవాళ వచ్చినవాళ్లు, ఇవాళ భోంచేసినవాళ్లు. ఇవి ఎప్పుడూ సమానంగా ఉండవు, ఉండాల్సిన పని కూడా లేదు. చిక్కేమిటంటే ఒక్కో సంఖ్యను ఒక్కో కార్యాలయం వాడుకుంటుంది.

మొదటిది రోల్. టీచర్ పోస్టులు, బడికి వచ్చే గ్రాంటు, పుస్తకాల సెట్లు దీని మీద నడుస్తాయి. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడి ఖర్చులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు మెట్లు మెట్లుగా ఉంటుంది. 31 నుంచి 100 మంది వరకు ఏడాదికి రూ.25,000, 101 నుంచి 250 వరకు రూ.50,000, 251 నుంచి వెయ్యి వరకు రూ.75,000. మన బడి 240 దగ్గర ఆగింది కాబట్టి యాభై వేలే. ఇంకో పదకొండు మంది చేరితే పాతిక వేలు పెరుగుతుంది. జూన్‌లో అయ్యవార్లు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలవడంలో పిల్లల మీద ప్రేమ ఉంటుంది, ఈ లెక్కా ఉంటుంది. దానికి నామోషీ పడాల్సింది ఏమీ లేదు. సుద్దముక్కల నుంచి కరెంటు రిపేర్ల దాకా, చీపుర్ల నుంచి ఫినాయిల్ దాకా ఆ యాభై వేలలోంచే రావాలి. అందులోనూ కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలని షరతు.

ఇక టీచర్లు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు 60 మంది వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 150 వరకు అయిదుగురు టీచర్లు ఉండాలి. 150 దాటితే అయిదుగురితోపాటు హెడ్‌మాస్టరు. 200 దాటితే హెడ్‌మాస్టరును కలపకుండా టీచరుకు నలభై మందికి మించకూడదు. 240ని నలభైతో భాగిస్తే ఆరు. ఆరుగురు టీచర్లు, ఒక హెడ్‌మాస్టరు. కాగితం మీద బాగానే ఉంది. కానీ తరగతులు అయిదే కదా, ఆ ఆరో మనిషి ఎవరికి? ఒకటో తరగతి 52 మందిని రెండు సెక్షన్లు చేసి 26 చొప్పున పెడితే చిన్నపిల్లలకు ఎంతో మేలు. అప్పుడు మూడో తరగతిలో 50 మంది ఒకే గదిలో ఉండిపోతారు. సగటు నలభై అయినంత మాత్రాన ప్రతి గదిలోనూ నలభై మందే ఉండరు.

ఒక టీచరు సెలవు పెట్టిన రోజు కథ ఇంకోలా ఉంటుంది. పక్క తరగతిని కలిపేస్తారు. నాలుగూ అయిదూ కలిపితే 89 మంది. ఇలా కలపాల్సి వస్తే ఒకటో తరగతిని మాత్రం ముట్టుకోకూడదు. అక్షరాలు కుదురుతున్న దశలో రెండు రోజులు చెదిరినా మళ్లీ మొదటికి వస్తుంది. అయిదో తరగతికి పని చెప్పి కూర్చోబెట్టవచ్చు, ఒకటో తరగతిని కూర్చోబెట్టలేం. తమ పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టారని కోపంగా వచ్చే అయిదో తరగతి తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెప్పి ఉంచితే సగం గొడవ ఉండదు.

రాష్ట్రంలో 2022లో వచ్చిన జీవో 117 చాలా ఊళ్లలో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గరి హైస్కూలుకు పంపింది. 2025లో దాన్ని పక్కనపెట్టి బడుల్ని కొత్తగా వర్గీకరించారు. అందులో మోడల్ ప్రైమరీ స్కూల్ అన్నది తరగతికో టీచరు ఉండేది. మీ ఊరి బడి ఆ జాబితాలో ఉందా లేదా అన్నది తెలుసుకోవడం ముఖ్యం. లేకపోతే ఒకే టీచరు రెండు తరగతులు చూడటం ఆ బడి తప్పు కాదు, దాని వర్గం అంతే.

తొమ్మిదిన్నర లోపల ఏం జరుగుతుంది

రెండో సంఖ్య హాజరు. దీనికి గడియారం ఉంది. తొమ్మిదికి బెల్లు, ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు. తర్వాత క్లాసులో పేర్లు పిలవడం, ఫోన్ యాప్‌లో హాజరు వేయడం. అన్ని తరగతుల అంకెలూ హెడ్‌మాస్టరు దగ్గరికి చేరాలి, అక్కణ్నుంచి వంటగదికి వెళ్లాలి. ఎందుకింత తొందరంటే ఇరవై కిలోల బియ్యం ఉడకాలి.

ప్రాథమిక తరగతుల పిల్లవాడికి మధ్యాహ్న భోజనంలో బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. 211తో హెచ్చవేస్తే బియ్యం 21 కిలోల 100 గ్రాములు, పప్పు 4 కిలోల 220, కూరగాయలు పదిన్నర కిలోలు, నూనె కిలో పైచిలుకు, గుడ్లు 211. ఇరవై ఒక్క కిలోలు ఒకే గుండిగలో వేస్తే అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. రెండు గుండిగల్లో వేయాలి. గుడ్లు ఉడకాలి, పెంకు ఒలవాలి. పదింటికి పొయ్యి వెలగకపోతే పన్నెండున్నరకు వడ్డన లేదు.

పదీ పదిహేనుకు ఇరవై మంది పిల్లలు నెమ్మదిగా వచ్చారనుకోండి. వాళ్ల బియ్యం రెండు కిలోలు ఎసట్లో లేవు. అప్పుడు వంటమ్మలు చేసేది ఒకటే, గరిటె చిన్నది చేస్తారు. అందరికీ పదో వంతు తగ్గుతుంది. గుడ్లనైతే సాగదీయలేరు. అందుకే గేటు దగ్గర గట్టిగా ఉండేది. ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ని వెనక్కి పంపడం మాత్రం తప్పు, ఏ నియమమూ అలా చెప్పదు. లోపలికి రానిచ్చి, పేరు రాసుకుని, ఇంటికి కబురు చేయాలి. బయటకు పంపిన పిల్లవాడు ఇంటికే వెళ్తాడన్న నమ్మకం ఎవరికీ లేదు. నెల్లూరులో ఏ వీధి చివరైనా ఒక కాలవ ఉండనే ఉంటుంది.

మూడో సంఖ్య, భోంచేసినవాళ్లు. డబ్బు దీని మీదే. కేంద్రం లెక్కలో 2025 మే 1 నుంచి ప్రాథమిక పిల్లవాడి వంట సామగ్రి ఖర్చు రోజుకు రూ.6.78. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాసు అన్నీ ఇందులోనే. బియ్యం విడిగా వస్తుంది, గుడ్డు ఖర్చు మన రాష్ట్రం వేరుగా పెట్టుకుంటుంది. 211 మందికి రూ.1,430. అదే 240 అని రాస్తే రూ.1,627. తేడా రోజుకు సుమారు రెండు వందలు. హాజరును ఎక్కువ చేసి చూపించాలన్న ఆశ ఎక్కణ్నుంచి వస్తుందో ఈ తీసివేతే చెబుతుంది. దాన్ని పట్టుకోవడానికి పెద్ద విచారణ అక్కర్లేదు. నల్లబల్ల మీది హాజరు, యాప్‌లో వేసిన హాజరు, వరుసలో కూర్చున్న పిల్లల తలలు, ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే చాలు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లల వల్ల హాజరు కంటే భోజనాలు కొంచెం తక్కువగా ఉండటం సహజం. ప్రతిరోజూ రెండూ అచ్చంగా సమానంగా కనబడితేనే అనుమానించాలి.

వంటమ్మల సంఖ్య కూడా పిల్లల సంఖ్యనుబట్టే. 25 మంది వరకు ఒకరు, 100 వరకు ఇద్దరు, ఆపైన ప్రతి వందకు ఇంకొకరు. 240కి నలుగురు. గౌరవ వేతనం నెలకు మూడు వేలు. బిల్లు రెండు మూడు నెలలు ఆలస్యమైతే కిరాణా కొట్లో అప్పు వాళ్ల పేరు మీదే పెరుగుతుంది. సాంబారు పలచబడిందని వంటమ్మను నిలదీసే ముందు వంట ఏజెన్సీకి రావాల్సిన బిల్లు ఎప్పుడు వచ్చిందో అడగండి.

బువ్వలో తెల్లగింజలు

బడి భోజనం గురించి ఎక్కువగా పాకిన అపోహ ప్లాస్టిక్ బియ్యం. బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలతాయి, రంగులో తేడాగా, నున్నగా, పాలిపోయినట్టు ఉంటాయి. అవి పోషకాలు చేర్చిన గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ కలిపి గింజ ఆకారంలో అచ్చుపోస్తారు. మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారు. తేలాయి కదా అని ఏరి పారేస్తే ఆ రోజు బువ్వలో అదనంగా చేర్చిన పోషకం మొత్తం చాటలోకి పోయినట్టే. కడుగు రెండుసార్లు చాలు. అయిదారుసార్లు రుద్ది కడిగినా నష్టమే.

పప్పు ఉడకట్లేదన్న ఫిర్యాదు ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో ఎక్కువ. అది పప్పు తప్పు కాకపోవచ్చు, నీళ్ల కాఠిన్యం. బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువుంటే కందిపప్పు గంట ఉడికినా బద్ద బద్దగానే ఉంటుంది. వంట సోడా వేస్తే మెత్తబడుతుంది, కానీ బీ విటమిన్లు పోతాయి. ముందు రోజు సాయంత్రం నానబెట్టడం, వంటకూ తాగునీళ్ల ట్యాంకు నుంచే నీళ్లు పట్టడం దీనికి సరైన మందు.

కనిగిరి వైపు ఇంకో పెద్ద సంగతి ఫ్లోరైడ్. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మరగబెడితే పోతుందనుకుంటారు. పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. బడిలో ఆర్‌ఓ యంత్రం పెట్టించగానే పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. లోపలి పొర పాడైతే నీళ్లు వస్తూనే ఉంటాయి, శుద్ధి మాత్రం కావు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరుతో నెలకోసారి చూసి, అంకె పెరుగుతూ పోతుంటే పొర మార్చాలి. పళ్ల మీద గోధుమరంగు చారలు పాల పళ్లు ఊడి వచ్చిన కొత్త పళ్లలో బయటపడతాయి, అంటే సరిగ్గా ప్రాథమిక బడి వయసులోనే.

వారానికి అయిదు గుడ్లు, సోమ, బుధ, శుక్రవారాల్లో పల్లీచిక్కీ, మిగతా మూడు రోజులు రాగిజావ అన్నది మన రాష్ట్రంలో స్థిరపడిన పద్ధతి. ఇప్పుడు పథకం పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. 2025 నుంచి మెనూ ప్రాంతాన్ని బట్టి మారింది కాబట్టి శ్రీకాకుళంలో పెట్టేది మన దగ్గర పెట్టలేదని పోల్చుకోకూడదు. మీ బడి గోడ మీద రాసిన మెనూనే ప్రమాణం. జావకు పిల్లవాడికి పది గ్రాముల రాగిపిండి, పది గ్రాముల బెల్లం. 211 మందికి రెండు కిలోల పైన పిండి. దాన్ని ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్లలోకి పోయాలి. నేరుగా వేడినీళ్లలో పిండి చల్లితే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండే గడ్డలు కడతాయి. పిల్లలు జావ పారబోస్తున్నారంటే ముందు అనుమానించాల్సింది ఆ గడ్డల్నే.

కోడిగుడ్డు నీళ్లలో వేస్తే పూర్తిగా పైకి తేలితే పక్కన పెట్టేయాలి. రంగు ముద్ర ఉన్న సరుకైతే ఆ రంగు అది ఏ వారానిదో చెబుతుంది. వండింది పిల్లలకు పెట్టేముందు కనీసం ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలని మధ్యాహ్న భోజన నియమాలు చెబుతున్నాయి. తల్లిదండ్రులు వెళ్లి తిని చూడవచ్చు. ఎవరూ ఆపరు, ఆపకూడదు. వెళ్లేటప్పుడు ముందుగా చెప్పకపోవడం మంచిది.

వడ్డనకు ముందు చేతులు కడగాలి. ఇదీ లెక్కే. పిల్లవాడికి ఇరవై సెకన్లు, కొళాయిలు నాలుగు. 211 మందికి పదిహేడు నిమిషాల పైన పడుతుంది. పది కొళాయిలుంటే ఏడు నిమిషాలు. అందుకే పెద్ద బడుల్లో ఒకటి, రెండు తరగతుల్ని పావుగంట ముందే వదులుతారు. చిన్నవాళ్లంటే గారాబం కాదు, క్యూ తగ్గించడం. నాలుగు కొళాయిలున్న బడిలో అందరికీ ఒకేసారి బెల్లు కొడితే చివరి అరవై మంది చేతులు కడక్కుండానే కూర్చుంటారు. ఇది ఎవరు చూసినా చూడకపోయినా జరిగి తీరుతుంది.

గురువారమో ఇంకో రోజో వారానికొకసారి ఇచ్చే గులాబీరంగు ఐరన్ మాత్ర భోజనం తర్వాతే వేయాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపునొప్పి, వాంతి. ఒక పిల్ల వాంతి చేసుకుంటే ఆ భయం తరగతంతా పాకుతుంది. ఫిబ్రవరి, ఆగస్టు పదో తేదీల ప్రాంతంలో ఇచ్చే నులిపురుగుల మాత్రను నమిలి మింగించాలి, ఇంటికి ఇచ్చి పంపకూడదు.

165 రోజుల గీత

తల్లికి వందనం పథకం వచ్చాక అందరి నోటా నలుగుతున్న అంకె 75 శాతం. 2025 జూన్‌లో మొదటిసారి డబ్బు వేసినప్పుడు పిల్లకు పదిహేను వేలలో పదమూడు వేలు తల్లి ఖాతాకు, రెండు వేలు బడి నిర్వహణకు పెట్టారు. హాజరు 75 శాతం ఉండాలన్నది షరతు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు కనీసం 200 పనిదినాలు ఉండాలి. జూన్ 12 నుంచి ఏప్రిల్ 23 వరకు నడిచే మన బడుల్లో అంతకంటే ఎక్కువే వస్తాయి. 220 అనుకుంటే 75 శాతం అంటే 165 రోజులు. మిగిలింది 55 రోజులు.

55 రోజులు ఎక్కువే అనిపిస్తుంది. ఇక్కడి బతుకులతో పోల్చి చూడండి. పడమటి ప్రకాశం నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబం, పొగాకు బారెన్ల దగ్గర ఆకు గుచ్చడానికి మకాం మార్చే కుటుంబం, ఇటుక బట్టీలకు వెళ్లే కుటుంబం సంక్రాంతి తర్వాత పోయి ఉగాదికి వస్తుంది. ఆదివారాలు పోను యాభైకి దగ్గరగా పనిదినాలు పోయినట్టే. ఆపైన ఒక వారం జ్వరం వస్తే గీత దాటిపోయింది. ఇలా వెళ్లక తప్పని వాళ్లు పిల్లను ఊళ్లోనే బంధువుల దగ్గరో, వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లోనో ఉంచే ఏర్పాటు చేసుకోవాలి. లేదంటే వెళ్లిన చోట బడిలో చేర్పించాలి. చట్టం 5వ సెక్షన్ ప్రకారం పాత బడి కాగితం వెంటనే ఇవ్వాలి, ఆ కాగితం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. తర్వాత తెస్తామంటే చాలు. ఇది తెలియక రెండు నెలలు పిల్లల్ని చేను గట్టు మీద కూర్చోబెట్టేవాళ్లు ఎందరో.

వాన సెలవుల గురించి అడుగుతారు. మనకు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను లాంటిది వస్తే కలెక్టరు సెలవు ప్రకటిస్తారు. ఆ రోజు బడే లేదు కాబట్టి ఎవరికీ గైర్హాజరు పడదు. కానీ ఆ రోజును రెండో శనివారమో ఇంకో సెలవు రోజో పనిచేసి పూడుస్తారు. ఆ శనివారం సెలవే కదా అని పంపకపోతే గైర్హాజరు పడుతుంది. చాలామందికి ఒకటి రెండు రోజులు తగ్గేది ఇక్కడే. మార్చి 15 ప్రాంతం నుంచి మొదలయ్యే ఒంటిపూట బడి కూడా పూర్తి రోజు కిందే లెక్క. ఉదయం ఏడూ ముప్పావుకే బెల్లు కాబట్టి తొమ్మిదింటి అలవాటుతో వచ్చినవాళ్లు ఆలస్యమైపోతారు.

ఎస్‌కే, షేక్, ఇంటిపేరు

ఇప్పుడు కాగితాలు. తల్లిదండ్రులకు అన్నిటికంటే విసుగు తెప్పించేది ఇదే, హెడ్‌మాస్టర్లకూ ఇదే.

ఒకటో తరగతిలో చేరేటప్పుడు అడ్మిషన్ రిజిస్టరులో రాసిన పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్ దాకా వెళతాయి. అక్కణ్నుంచి ఉద్యోగం దాకా. పాత తరంలో సగం ఊరు జూన్‌లోనో జులై ఒకటినో పుట్టినట్టు కనబడటం ఈ అయ్యవార్ల చలవే. బడి తెరిచే వేళకు వయసు సరిపోయేలా వేళ్లమీద లెక్కగట్టి వేసిన తేదీలవి. ఇప్పుడు అలా కుదరదు. రిజిస్టరు, ఆధార్, అపార్ అనే పన్నెండు అంకెల విద్యార్థి గుర్తింపు సంఖ్య, బడుల వివరాలు ఎక్కించే యూడైస్ పోర్టల్‌లో పిల్లకు వచ్చే పదకొండు అంకెల పెన్ నంబరు ఒకదానితో ఒకటి సరిపోవాలి.

సరిపోనిది ఎక్కడంటే, ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లో. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. నెల్లూరులో షేక్ అన్నది ఒక కాగితంలో ఎస్‌కే, ఇంకో కాగితంలో షేక్, మూడో దాంట్లో ఒక అక్షరం తేడాతో షేక్. కంప్యూటరుకు ఈ ముగ్గురూ వేర్వేరు పిల్లలు. ఏది దిద్దించాలన్నదానికి ఒక వరుస ఉంది. ముందు పుట్టిన సర్టిఫికెట్ చూడాలి. దాన్ని బట్టి ఆధార్ దిద్దించాలి. ఆ తర్వాత బడిలో ఇవ్వాలి. తిరగేసి చేస్తే, అంటే ముందు ఆధార్‌లో ఉన్న తప్పును బడి రికార్డులోకి ఎక్కిస్తే, అదే తప్పు నాలుగు చోట్ల పాతుకుంటుంది.

అయిదేళ్లు నిండిన పిల్లకు ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కంటిపాప వేయించాలి, పదిహేనేళ్లప్పుడు మళ్లీ. ఏడేళ్లు దాటినా వేయించకపోతే ఆధార్ పనిచేయకుండా పోవచ్చు. డబ్బు పడలేదని వచ్చే తల్లుల్లో కొందరికి పిల్ల కాగితాలన్నీ బాగానే ఉంటాయి, తల్లి బ్యాంకు ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉండదు. రెండు ఖాతాలుంటే చివరిసారి ఏ బ్యాంకులో ముడిపెట్టారో డబ్బు అక్కడికి పోతుంది. అది బడిలో తేలే పని కాదు. సచివాలయంలో చూపించుకుని, బ్యాంకులో సరిచేయించుకోవాలి.

కాగితమే లేని పిల్లల సంగతి వేరు. నెల్లూరు జిల్లాలో చెరువుల పక్కన, కాలవ గట్ల మీద ఉండే యానాది కుటుంబాల్లో పుట్టిన సర్టిఫికెట్ లేని పిల్లలు ఇంకా ఉన్నారు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదు. ఎనిమిదేళ్ల పిల్ల ఇంతవరకు బడి మొహం చూడకపోయినా ఒకటో తరగతిలో కాదు, వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని విడిగా నేర్పించాలని 4వ సెక్షన్. పుట్టి ఏడాది దాటితే జనన నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, అందుకు రోజులు పడతాయి. ముందు పిల్ల బల్ల మీద కూర్చోవాలి, కాగితం తర్వాత. కొన్ని చోట్ల దీన్ని తలకిందులు చేస్తారు. ఆన్‌లైన్‌లో పేరెక్కదు కాబట్టి చేర్చుకోలేమంటారు. పేరెక్కని పిల్లకు పుస్తకాల సెట్టు రాదు, బియ్యం లెక్క రాదన్నది హెడ్‌మాస్టరు బాధ, అది నిజమే. అయినా అడ్మిషన్ రిజిస్టరులో పేరు రాయడానికి కంప్యూటరు అనుమతి అక్కర్లేదు.

బెత్తం, బ్యాగు

"రెండు తగిలించండి సార్, మాట వినడం లేదు" అని చెప్పే తండ్రులు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు. దండం దశగుణం అన్న మాట మనలో అంత లోతుగా దిగింది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. తండ్రి అనుమతిస్తే కొట్టవచ్చన్న మినహాయింపు అందులో లేదు. గుంజీలు తీయించడం, గోడ కుర్చీ వేయించడం, తరగతి బయట నిలబెట్టడం కూడా శిక్షలే. యాభై మంది ఉన్న గదిలో బెత్తం లేకుండా క్రమశిక్షణ ఎలా అన్న టీచరు ప్రశ్నకు సమాధానం మళ్లీ పైన చెప్పిన, తరగతిని సెక్షన్లుగా విడదీసే లెక్కలోనే ఉంది. ఇరవై ఆరు మంది గదిలో బెత్తం గుర్తుకు రాదు.

బ్యాగు బరువుకూ కొలత ఉంది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు, మూడు నుంచి అయిదుకు 1.7 నుంచి 2.5 కిలోలు. రెండో తరగతి వరకు హోంవర్క్ లేదు. పుస్తకాలు సెమిస్టర్లుగా విడిపోయాక బరువు తగ్గాలి. తగ్గనిచోట బ్యాగు విప్పి చూస్తే రెండు లీటర్ల నీళ్ల సీసా, అయిపోయిన సెమిస్టరు పుస్తకాలు, గైడ్లు ఉంటాయి. లీటరు నీళ్లు కిలో బరువు. బడిలో తాగునీళ్లు నమ్మదగినవైతే ఆ సీసా అరలీటరుకు దిగుతుంది. నీళ్ల మాట ఎత్తకుండా బ్యాగు బరువు గురించి మాట్లాడటం దండగ.

ఎవరిని అడగాలి

బడి కమిటీ అన్నది ఉత్సవ విగ్రహాల జాబితా కాదు. తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు, అయిదు తరగతులకు పదిహేను మంది. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. హెడ్‌మాస్టరు కన్వీనరు. గ్రాంటు ఖర్చులు కమిటీ ముందు పెట్టాలి. సమావేశానికి వెళ్లి ఊరికే సంతకం పెట్టి రాకుండా మూడు కాగితాలు అడగవచ్చు: కాంపోజిట్ గ్రాంటు క్యాష్‌బుక్, భోజనాల రిజిస్టరు, బియ్యం నిల్వ రిజిస్టరు. నిల్వ రిజిస్టరులో ఉన్న కిలోలు గదిలో ఉన్న బస్తాలతో సరిపోతున్నాయా అన్నది అయిదు నిమిషాల పని. బస్తాలు చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో ఉన్నాయా అన్నదీ అప్పుడే చూడవచ్చు. నవంబరు వానల్లో గోడకు ఆనించిన బస్తా అడుగు తడిసి ముక్కిపోతుంది, పైనుంచి చూస్తే తెలియదు.

అయిదో తరగతి అయిపోయాక హైస్కూలుకు వెళ్లేటప్పుడు ప్రాథమిక బడి ఇచ్చేది టీసీ కాదు, రికార్డు షీటు. హైస్కూలు వాళ్లు దాన్ని చూసే చేర్చుకుంటారు. చేతికి తీసుకున్నప్పుడు గేటు దాటకముందే విప్పి చూసుకోవాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టుమచ్చలు, పెన్ నంబరు, హెడ్‌మాస్టరు సంతకం మీద బడి ముద్ర. తప్పుంటే ఆ పూటే అడ్మిషన్ రిజిస్టరు తెరిపించి దిద్దించుకోవచ్చు. ఆరో తరగతి రిజిస్టరులోకి ఎక్కాక ఆ దిద్దుబాటుకు రెండు బడుల చుట్టూ తిరగాలి, పదో తరగతి సర్టిఫికెట్ అచ్చయ్యాక ఇంకా పైకి వెళ్లాలి.